నీలిబాన మాట

నా దగ్గర ఒక పెద్ద నిఘంటువు ఉంది. అందులో ‘బుజబుజ’ అన్న మాటకి ఎదురుగా ‘ధ్వన్యనుకరణము’ అని రాసి ఊరుకున్నారు. కాస్త కింద ‘బుడబుడ’ ఉంది. దానికీ అదే అర్థం. అంటే రెండూ ఒకటేనన్నమాట! అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. రెండూ ఒకటి కావు. ఆ రెండింటి మధ్యా పడి ఒక ఆడమనిషి బతుకు నలిగిపోయింది. నలిపినవాణ్ణి నేనే కాబట్టి చెప్పవలసినవాణ్ణీ నేనే.

అది 1934. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఏలూరు తంగెళ్ళమూడిలో అబ్దుల్ సలాం గారి తివాచీల కార్ఖానాలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా నాన్నగారు తెలుగు పండితులు. ఆయన నాకిచ్చిన ఆస్తి రెండే రెండు: శేషగిరిరావు అనే పేరు, నాకు తెలియని తెలుగు మాట లేదనే పొగరు. పేరు మంచిదే. రెండోదే కొంప ముంచింది.

కార్ఖానా ముందు పాకలో మగ్గాలు ఉండేవి. వెనక దొడ్లో ఉన్నికి రంగులు వేసేవారు. ఎరుపు, పసుపు జిలానీ వేసేవాడు. పొయ్యి మీద కాగే రంగులవి. నీలం మాత్రం అతని భార్య సకీనాది. దాని కింద పొయ్యి ఉండదు. మెడదాకా నేలలో పాతిన పెద్ద బాన ఒకటి, దాని మీద చెక్కమూత, మూత మీద గోనెసంచి, అంతే. నీలిమందు గడ్డ వట్టి నీళ్ళలో కరగదు. సున్నం, బెల్లం, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెడితే గాని లొంగదు. పులిసిన ఆ బానలో ముంచిన ఉన్ని ఆకుపచ్చగా పైకి వస్తుంది. గాలి తగిలాక మన కళ్ళముందే నీలమవుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు పని మానేసి పొద్దెక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ బానని ఎప్పుడూ ఖాళీ చెయ్యలేదట. జిలానీ నాయనమ్మ పెట్టిన బాన. ఆవిడ నుంచి కోడలు బీబీకి, బీబీ నుంచి సకీనాకి వచ్చింది. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడు పెట్టినట్టు, పాతదాంట్లోనే కొత్తది పోస్తూ వచ్చారు. సకీనాకి పిల్లలు లేరు. పెళ్ళయి పదహారేళ్ళు. ‘పిల్లల్లేని ఇంట్లో తెల్లారి లేచాక పలకరించడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ’ అని ఒకసారి తనే అంది. పొద్దున్నే వచ్చి, మూత తియ్యకుండా బాన అంచుకి చెవి ఆనించి వినేది. అది ఏమంటోందో విన్నాకే ఆ పూట దానికి ఏం పెట్టాలో తేల్చేది.

మాఘమాసంలో జిలానీ జ్వరం తగిలి తొమ్మిది రోజుల్లో పోయాడు.

వాళ్ళలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. ఇద్దత్ అంటారు. పొట్టకూటి కోసమైతే పగలు వెళ్ళి రావచ్చని మౌల్వీ గారు చెప్పి పంపించారు. సకీనా ఒప్పుకోలేదు. ‘ఆయనకి బతికుండగా నేను చేసింది ఏముంది? ఈ నాలుగు నెలలన్నా పూర్తిగా ఉంటాను’ అంది. మరి బానో? ఇల్లు కార్ఖానా ఎదురుగానే ఉంది. వీధి దాటితే బాన. కాని ఆ వీధే దాటకూడదు.

అత్తగారు బీబీకి బ్రహ్మచెవుడు. ముప్ఫయ్యేళ్ళు ఆ బాన విన్న మనిషికి ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఉన్ని ముంచే మస్తాన్ ఉన్నాడు, అతనికి చెవులున్నాయి గాని నోట్లో మాట లేదు. ‘ఏమంటోందయ్యా మస్తానూ’ అని అడిగితే ‘బానే ఉందమ్మా’ అనేవాడు. ఎప్పుడడిగినా అదే. బాన పగిలి ముక్కలైనా అతను ‘బానే ఉందమ్మా’ అనేవాడే.

సలాం గారు మంచివారే. కాని వ్యాపారి. మద్రాసు ఏజెంటు పంపిన జర్మనీ నీలం డబ్బా ఒకటి ఆయన అలమరలో ఏడాదిగా ఉంది. దానికి పులియబెట్టడాలూ వినడాలూ అక్కర్లేదు, కొలత ప్రకారం కలిపి ఎవరైనా ముంచొచ్చు. ఆయన నన్ను వెంటబెట్టుకుని సకీనా గుమ్మం ముందుకి వెళ్ళి, పరదాకి ఇవతల నిలబడి చెప్పారు.

“అమ్మా సకీనా, నువ్వు బయటికొచ్చేదాకా బాన బతికుంటే ఆ పని నీదే, నేను మాట తప్పను. అది చచ్చిందంటే మాత్రం కొత్తది పెట్టి అది కుదురుకునేదాకా ఆగలేను. తివాచీ సగంలో ఉంది. డబ్బా తెరిచేస్తాను. అప్పుడు నీకిక్కడ పనేముంటుందో నువ్వే ఆలోచించుకో.”

“బతుకుతుందండీ,” అంది లోపలినుంచి. “రోజూ విని, అది ఏమంటోందో నాకు సరిగ్గా చెప్పే మనిషి ఒకరుంటే చాలండీ.”

“దానిదేముందండీ,” అన్నాను నేను. “నేను వింటాను. నాకు రాని మాటేముంది?”

చూశారా, ఎంత తేలిగ్గా అనేశానో!

మర్నాడు పొద్దున్నే వెళ్ళి బాన అంచుకి చెవి ఆనించాను. ఏదో చప్పుడు. వీధి దాటి వచ్చి పరదా ముందు నిలబడ్డాను. గడప పక్కన ముసలి బీబీ తసబీ పూసలు తిప్పుకుంటూ కూర్చుని ఉంది.

“బుడగలు వస్తున్న చప్పుడండీ,” అన్నాను.

“బుడగలు ఎప్పుడూ వస్తాయండీ గుమాస్తా గారూ. ఏమంటోంది?”

“కుతకుతమంటోందండీ.”

లోపలినుంచి చిన్న నవ్వు. భర్త పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

“కుతకుత పొయ్యి మీది మాటండీ. అన్నం ఎసట్లో అంటుంది. సలసల నీళ్ళు కాగితే అంటాయి. నా బాన కింద పొయ్యేదండీ? మళ్ళీ విని రండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. పండితుడి కొడుకుని! వీధి దాటి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చాను. ఆ పొద్దున అయిదుసార్లు తిరిగాను. మగ్గాల వాళ్ళు పని ఆపి నన్నే చూస్తున్నారు. చివరికి ఆవిడే జాలిపడి చెప్పింది.

“ఏవండీ, మీ ఇంట్లో మినప్పిండి రుబ్బి పెడతారు కదా. పొద్దున్న లేచి ఆ గిన్నెకి చెవి పెట్టి వినండి. సన్నగా, ఒత్తుగా, తొందరేం లేకుండా అంటుంది. అది బుజబుజ. అలా ఉంటే బాన సుఖంగా ఉన్నట్టు. దాని జోలికి వెళ్ళకండి. తర్వాత చెంబు బోర్లించి నీళ్ళలోకి అదిమి, కాస్త ఒరగనివ్వండి. పెద్ద పెద్ద బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అది బుడబుడ. బాన అలా అందంటే ఆత్రంగా పులిసిపోతోందన్నమాట. వెంటనే సున్నం పడాలండీ. ఆ పూటే పడాలి. పడకపోతే కుళ్ళిపోతుంది, నీలమంతా చచ్చిపోతుంది.”

“ఏమీ అనకపోతేనో అండీ?”

“బుజబుజ అంటూ అంటూ ఊరుకుందనుకోండి, ఆకలేసి పడుకుందని. బెల్లం, తగిరిస గింజలు పెడితే లేస్తుంది. బుడబుడ అని ఊరుకుందనుకోండి...” అని ఆగింది. “ఆ మాట మీ నోట వినకుండా ఉంటే చాలండీ.”

అమ్మ నన్ను పిచ్చివాడనుకుంది. వారం రోజులు మినప్పిండి గిన్నె పక్కన బోర్లా పడుకుని విన్నాను. చెంబు పెట్టుకుని తొట్టి దగ్గర కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, మా నాన్నగారి దగ్గర పదేళ్ళు చదివిన చదువులో నాకు దొరకని సంతోషం ఆ వారంలో దొరికింది. ఒక మాటకి అర్థం చెవిలోకి దిగడం అప్పుడే తెలిసింది.

క్రమంగా పట్టుబడింది. “బుజబుజే గాని మధ్యమధ్య ఒక బుడుక్కు వస్తోందండీ” అంటే “అలాగా, ఒక్క గరిటె సున్నం వెయ్యమనండి మస్తాన్ని” అనేది. సున్నమంటే బజారు సున్నం కాదు. కొల్లేటి గుల్లలు కాల్చిన సున్నం. పడవల మీద కాలవ రేవుకి వచ్చేది. చైత్రంలో ఒకనాడు పొద్దున్న బాన బుడబుడలాడుతోంది. చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తి, పరదా దగ్గర ఒగురుస్తూ చెప్పాను. ఆవిడ మూడు గరిటెల సున్నమంది. సాయంత్రానికల్లా బాన మళ్ళీ బుజబుజలోకి దిగింది. ఆ మాట చెబితే పరదా అవతల ఆవిడ కళ్ళు ఒత్తుకున్నట్టు గాజుల్లేని చేతుల నీడ కదిలింది. “మీ చెవులు చల్లగుండ, మా అత్తగారి బానని నిలబెట్టారండీ” అంది. నేను ఊళ్ళో కాలరెగరేసుకుని తిరిగాను.

రోజులు గడిచాయి. రోహిణి కార్తె వచ్చింది. కొల్లేరు ఎండి లంకల వాళ్ళు నడిచి వస్తున్నారు. ఇద్దత్ తీరడానికి ఇంక పదకొండు రోజులుంది. ఎండలకి బాన తొందరగా పులుస్తుందని, ‘ఈ పదకొండు రోజులూ రెండు పూటలా వినండి, మీకు పుణ్యం ఉంటుంది’ అని సకీనా బతిమాలింది. అలాగేనన్నాను.

మర్నాడు శుక్రవారం నాకు తాడేపల్లిగూడెంలో పెళ్ళిచూపులు. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఏం పోయేది? ఆవిడ ఇంకో దారి చూసుకునేది. కాని చెప్పలేదు. సిగ్గు కొంత. నేను తప్ప ఇంకెవడు వినగలడు అనే పొగరు కొంత. శుక్రవారం కార్ఖానాకి సెలవు. మస్తాన్ కూడా రాడు. తెల్లవారే పాసింజరు ఎక్కేముందు ఒక్క పరుగున వెళ్ళి విందామనుకున్నాను. అమ్మ పట్టుపంచె కట్టుకోమంది, జుట్టు దువ్వింది, బండి వేళయిపోయింది. ఒక్కరోజే కదా అనుకున్నాను.

పిల్ల పేరు కనకరత్నం. బాగుంది. వాళ్ళ నాన్న నా జీతం అడిగాడు, కార్ఖానాలో ఉద్యోగం గట్టిదేనా అని రెండుసార్లు అడిగాడు. సాయంత్రం బండికి తిరిగి వచ్చేసరికి నేను నేల మీద లేను. కార్ఖానా తలుపుకి తాళం. తాళంచెవి నా దగ్గరే ఉంది, తియ్యొచ్చు. తియ్యలేదు. తిన్నగా పరదా దగ్గరికి వెళ్ళాను.

“ఇవాళ ఇంతాలస్యమైందేమండీ?” అంది సకీనా. “పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ఏమంటోందండీ?”

“బుజబుజ,” అన్నాను.

“అమ్మయ్య,” అంది.

అంతే. ఒక్క మాట. ముందు రోజు విన్న మాటే మళ్ళీ చెప్పాను. నిన్న బాగున్నది ఇవాళ బాగుండదా అనుకున్నాను.

శనివారం పొద్దున్న చెవి ఆనిస్తే బాన ఏమీ అనలేదు. ఇంకాసేపు విన్నాను. ఏమీ లేదు. నా చెవిలో నా రక్తం చప్పుడే వినపడుతోంది. వెళ్ళి చెప్పాను.

“ఏమీ అనడం లేదండీ.”

“నిన్న బుజబుజే కదండీ?”

ఇదుగో, ఇక్కడన్నా నోరు తెరవాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత “అవునండీ” అన్నాను.

“అయితే ఆకలండీ పాపం. బెల్లం వేయించండి, తగిరిస గింజలు రెండు చేరలు ఉడికించి పోయించండి. సున్నం వద్దు.”

పులిసి విరిగిపోతున్న బానలో ఇంకా బెల్లం పోయించాను. గోరుచుట్టు మీద రోకటిపోటు. మస్తాన్ పోస్తూ ముఖం అటు తిప్పుకున్నాడు. “వాసన వేరేగా ఉందండీ గుమాస్తా గారూ” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ‘బానే ఉంది’ కాకుండా ఇంకో మాట అన్నది ఆ ఒక్కరోజే. నేను అతన్ని కసిరాను.

ఆదివారం పొద్దుటికి ఆ కంపు వీధి దాటింది. సకీనా ఇంటి గుమ్మంలోకీ ఆ కంపే వెళ్ళింది.

నేను బాన దగ్గర నిలబడి ఉన్నాను. మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. తిరిగి చూస్తే సకీనా వస్తోంది. తెల్ల దుప్పటి తల మీద కప్పుకుని, పట్టపగలు, వీధి మధ్యలోంచి. వెనకనుంచి బీబీ గడప మీద లేచి నిలబడి ఏదో అరుస్తోంది. ఇద్దత్‌కి ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఆవిడ ఎవరినీ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కంపులోనే బాన అంచుకి చెవి ఆనించింది. చాలాసేపు వింది. పసిపిల్లకి జ్వరమొస్తే తల్లి ఎలా వంగుతుందో అలా వంగి వింది. తర్వాత మూత తీసింది. లోపల నీలం లేదు, ఆకుపచ్చా లేదు. బురద.

“పోయిందండీ,” అంది.

ఆ బురదలో వేలు ముంచి చూసింది.

“కుళ్ళిందండీ ఇది. ఆకలితో పడుకున్నది కుళ్ళదు. బుడబుడ అనకుండా ఏ బానా కుళ్ళదండీ గుమాస్తా గారూ. గురువారం మీరు విన్నారు, నాకు తెలుసు. శనివారం అప్పటికే నోరు పోయింది. మధ్యలో శుక్రవారం అది పొద్దస్తమానం అరిచి ఉంటుందండీ.” అప్పుడు తలెత్తి నా వంక చూసింది. నాలుగు నెలల్లో ఆవిడ ముఖం నేను చూడటం అదే. “శుక్రవారం మీరు వినలేదు కదండీ.”

“లేదండీ,” అన్నాను.

“ఎక్కడికెళ్ళారండీ?”

“తాడేపల్లిగూడెం. పెళ్ళిచూపులు.”

ఆవిడ మూత తిరిగి పెట్టింది. దాని మీద గోనెసంచి సర్దింది, ఇంకా ఏదో కాపాడాల్సింది ఉన్నట్టు. “పిల్ల నచ్చిందా అండీ?” అంది. తిట్టి ఉంటే బాగుండేది. నా చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

అంతలో సలాం గారు వచ్చారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బాన చూశారు, దొడ్లో నిలబడ్డ సకీనాని చూశారు. ఆయనకి బాధే కలిగింది, కోపం కాదు. కాని అడగవలసింది అడిగారు.

“ఎలా జరిగిందిది? రావుగారూ, రోజూ విన్నవారు మీరు. శుక్రవారం ఏమంది?”

దొడ్డినిండా జనం. మగ్గాల వాళ్ళు, మస్తాన్, గోడ మీదనుంచి ఆడవాళ్ళు. నా కళ్ళముందు తాడేపల్లిగూడెం పెద్దమనిషి కూర్చుని ఉద్యోగం గట్టిదేనా అని మళ్ళీ అడుగుతున్నాడు.

“బుజబుజే అందండీ,” అన్నాను.

ఆవిడ ఎదురుగా, ఆ బాన పక్కన నిలబడి అన్నాను. నేనన్నాను.

సలాం గారు సకీనా వంక తిరిగారు. ఆవిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

“అవునండీ. ఆయన సరిగ్గానే చెప్పారండీ. నేనే తప్పు మందు చెప్పాను. దుఃఖంలో నా బుద్ధి పనిచెయ్యలేదండీ.”

వెళ్ళిపోయింది. వీధిలో ఒకావిడ ‘ఇద్దత్ కూడా నిలుపుకోలేదు, బానా నిలుపుకోలేదు’ అని గట్టిగానే అంది. మధ్యాహ్నం బాన తవ్వి తీసి తమ్మిలేటి ఒడ్డున పారబోశారు. సోమవారం సలాం గారు డబ్బా తెరిచారు. రంగు బాగానే వచ్చింది. మస్తాన్ ముంచాడు. సకీనాకి ఉన్నిలో ముళ్ళూ చెత్తా ఏరే పని ఇచ్చారు. అది ముసలివాళ్ళకిచ్చే పని.

ఆ సోమవారం పొద్దున్న నేను అలవాటుగా పరదా దగ్గరికి వెళ్ళాను. చెప్పడానికేమీ లేదు. నిలబడ్డాను. క్షమించమని అడగడానికే వెళ్ళాననుకుంటాను. మాట గొంతులోనే ఉండిపోయింది. నాకు తెలియని తెలుగు మాట లేదు మరి!

లోపలినుంచి ఆవిడే అంది. “ఇంక రావక్కర్లేదండీ గుమాస్తా గారూ. నిన్న నిజం చెప్పి ఉంటే మీ ఉద్యోగం పోయేది. ఉద్యోగం లేనివాడికి పిల్లనివ్వరు కదండీ. నా బాన ఎలాగూ పోయింది. మీదన్నా నిలబడనివ్వండి.”

శ్రావణమాసంలో నా పెళ్ళయింది. కార్ఖానాలో అందరికీ శుభలేఖలు పంచాను. విధవరాలిని పిలవకూడదని అమ్మ అంది. నాకు కావలసిన సాకు దొరికింది. ఉన్ని ఏరుతూ కూర్చున్న సకీనా ముందునుంచి, చేతిలో శుభలేఖల కట్టతో, తల పక్కకి తిప్పుకుని నడిచి వెళ్ళిపోయాను.